గోలకొండ సంపాదకుడూ, మా నాయన అడిగిన ప్రశ్నా

గత సంవత్సరం వనపర్తిలో జరిగిన ఒక సభలో సురవరం ప్రతాపరెడ్డిగారిని గూర్చి మాట్లాడవలసిందని నన్ను పిలిచారు. నాకు ముందు మాట్లాడిన ముగ్గురూ ఒకే సంఖ్య చెప్పారు: 354. తెలంగాణలో కవులు పూజ్యమని ఎవరో పండితుడు వ్రాస్తే, సురవరంవారు 354 మంది కవులను వెదికి పట్టుకొని 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేసి ఆ నోరు మూయించారన్న సంగతి మా వైపు బడిపిల్లలకు కూడా తెలుసు. సంగతి నిజమే. కాని సభల్లో అది మంత్రంగా తయారయింది. మంత్రం చదివితే పూజ ముగిసినట్లే. నేనూ ఆ మంత్రాన్నే కొంచెం రాగం మార్చి చదివి కూర్చోబోతుండగా వెనుక వరుసలో ఒక విద్యార్థి లేచాడు.

"సార్, ఆ పత్రికకు పైసలెవరిచ్చిన్రు?"

కొందరు నవ్వారు. సభ నడిపేవారు గడియారం చూసుకున్నారు. "అప్పటి పెద్దలు చందాలిచ్చారు నాయనా" అని ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికి వచ్చిన తర్వాత సిగ్గు వేసింది. ఎందుకంటే ఆ ప్రశ్ననే మరొక రూపంలో మా నాయన నన్ను నలభై ఏళ్ళ కింద అడిగి వున్నాడు.

అప్పుడు నేను డిగ్రీ చదువుతూ ఒక దినపత్రికకు విలేకరిగా వుండేవాణ్ణి. అదేమీ ఉద్యోగం కాదు. అచ్చయిన పంక్తుల లెక్కన నెలకింత అని వచ్చేది. వార్తల కవరును సాయంత్రం బస్సులో కండక్టరు చేతికిచ్చి, తెల్లవారి పత్రిక కట్ట విప్పే దాకా నిద్ర పట్టక దొర్లేవాణ్ణి. ఆ యేడు మా వూరి నుంచి ఒక గుంపు పక్క రాష్ట్రంలో కాలువ పనికి పోయింది. గుంపు మేస్త్రి పద్ధతి మా ప్రాంతపు విద్యార్థులకు కొత్తగాదు; బయటివారి కోసం చెబుతున్నాను. పంట పని లేని రోజులు చూసి మేస్త్రి వస్తాడు. మొగుడూ పెళ్ళాలకు కలిపి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు పాత అప్పుకో, పెళ్ళికో, జబ్బుకో ఆ రాత్రికే ఖర్చయిపోతుంది. తర్వాత నెలల తరబడి ఎక్కడ తీసికొనిపోయి దించితే అక్కడ మట్టి తవ్వాలి, రాయి మోయాలి. లెక్క మేస్త్రి దగ్గర వుంటుంది. ముసలివాళ్ళూ పిల్లలూ వూళ్ళో మిగులుతారు. దేశంలో ఎన్నో ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసిన మనుషులకు 'పాలమూరు లేబర్' అన్న ఒకే పేరు వచ్చింది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ వున్న మా నడిగడ్డ నుంచి కూడా పరాయి పొలాలకు నీళ్ళు తెచ్చే కాలువలు తవ్వడానికి పోయారు.

ఆ కాలువ పనిలో మట్టికట్ట విరిగిపడి మా వాడకట్టు ఆడమనిషి చనిపోయింది. శవాన్ని లారీలో పంపించారు. నేను మూడు పేజీల వార్త వ్రాశాను. ఆమె పేరు, మేస్త్రి పేరు, గుత్తేదారు పేరు, తీసుకున్న అడ్వాన్సు ఎంత, ఇంకా ఎంత బాకీ వుందని అడుగుతున్నారు, అన్నీ వ్రాశాను. నాలుగు పంక్తులు అచ్చయ్యాయి: ప్రమాదవశాత్తు ఒక కూలీ మృతి. ఆ పేజీలోనే కింద, పెట్టె కట్టి, ఉగాది శుభాకాంక్షలు చెబుతూ ప్రకటన వుంది. ఇచ్చినవాడు ఆ గుత్తేదారే.

మా నాయన నాలుగో తరగతి చదివినవాడు. కళ్ళజోడు సర్దుకొని ఆ నాలుగు పంక్తులను కూడబలుక్కొని చదివాడు. తర్వాత కాగితం నా ముందర పెట్టి, "పేరు లేని వార్త ఏం వార్తరా? సచ్చినామెకు పేరు లేదు, సంపినోనికి పేరు లేదు. మరి ఎవరి కోసం రాసినవ్?" అన్నాడు.

ఆ రోజే విలేకరి పని మానేశానని వ్రాయాలని వుంది. మానలేదు. ఇంకా ఎనిమిది నెలలు చేశాను. డబ్బు కావలసి వుండింది. ఆ తర్వాత ఉపాధ్యాయ ఉద్యోగం వచ్చింది కాబట్టి మానాను.

ఇంత సొంత గొడవ ఎందుకు చెప్పానంటే, అప్పటి నుంచి ఏ సంపాదకుణ్ణి గూర్చి చదివినా నాకు మొదట తోచే ప్రశ్న అదే: డబ్బు ఎవరిది, పేరు ఎవరిది అచ్చయింది? సురవరంవారి విషయంలో ఆ ప్రశ్నకు జవాబు సులభంగా లేదు.

ఆయన 1896 మే 28న బోరవెల్లిలో పుట్టారు. సొంత వూరు ఇటిక్యాలపాడు. రెండూ మా నడిగడ్డ వూళ్ళే. కర్నూలులోనూ మద్రాసులోనూ చదివి, వకీలై హైదరాబాదు చేరారు. అక్కడ కోర్టులో ఉర్దూ, కచ్చేరీలో ఉర్దూ, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటరులో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రి అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారి 'నీలగిరి', ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల 'తెలుగు' వెలువడ్డాయి. అవి ఎక్కువకాలం బతకలేదు. 1926 మే 10న సురవరంవారి సంపాదకత్వంలో 'గోలకొండ పత్రిక' మొదలయింది. వారానికి రెండుసార్లు. 1947లో అది దినపత్రిక అయ్యేదాకా నిలబడగలిగింది.

ఎలా నిలబడింది? ఇక్కడే ఆ విద్యార్థి ప్రశ్నకు రావాలి. పత్రికకు అండగా నిలిచినవారిలో ముఖ్యుడు రాజబహదూర్ వెంకటరామారెడ్డి. ఆయన వనపర్తి సంస్థానపు వూళ్ళో పుట్టినవాడే. 1920 నుంచి 1934 దాకా హైదరాబాదు కొత్వాలు. అంటే నగర పోలీసు అధిపతి. నిజాం పాలనలో పత్రికలమీద కన్నేసి వుంచవలసిన వ్యవస్థకు పెద్ద తలకాయ! ఆయన పూనికతో 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు వ్యవహారాలు కొన్నేళ్ళు చూసింది సురవరంవారే. చందాలిచ్చినవారిలో భూస్వాములు, దేశ్‌ముఖులు వున్నారు. నిజం చెప్పాలంటే, ఆనాడు తెలుగు పత్రికకు ముందుగానే చందా కట్టగలిగినవారు ఇంకెవరున్నారు? నూటికి పదిమందికి కూడా చదువు రాని రాజ్యం అది.

మన మిత్రులు కొందరు ఇంతటితో తీర్పు ఇచ్చేస్తారు: కొత్వాలు డబ్బు, దొరల పత్రిక. నేనూ ఒకప్పుడు ఇలాగే మాట్లాడేవాణ్ణి. కాని 1842లో కొలోన్ నగరంలో 'రైనిషె త్సైటుంగ్' అనే ప్రాంతీయ పత్రికకు డబ్బు పెట్టినది కూడా కూలీలు కారు. రైన్ ప్రాంతపు వర్తకులు, ధనికులు వాటాలు కొన్నారు. ఆ పత్రికకు అక్టోబరులో సంపాదకత్వం వహించిన యువకునికి అప్పటికి ఇరవైనాలుగేళ్ళు. పేరు కార్ల్ మార్క్స్. తత్త్వశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకొని వచ్చినవాడు, అడవిలో రాలిన పుల్లలు ఏరుకొనే బీదవాళ్ళను దొంగలుగా చేసే చట్టాన్ని గూర్చి వ్రాయవలసి వచ్చింది. తర్వాత మోసెల్ లోయలో ద్రాక్షతోటలు పెట్టుకొని దివాలా తీసిన రైతులను గూర్చి వ్రాయవలసి వచ్చింది. మనుషుల కూటికి సంబంధించిన విషయాలమీద మొదటిసారి నోరు విప్పవలసివచ్చి ఇబ్బంది పడినది అక్కడేనని ఆయనే 1859లో చెప్పుకున్నాడు. ప్రష్యా ప్రభుత్వం 1843 ఏప్రిల్ 1 నుంచి పత్రికను ఆపివేయాలని ఉత్తర్వు చేసింది. స్వరం తగ్గిస్తే పత్రిక బతుకుతుందేమోనని వాటాదారులు కొందరు ఆశపడ్డారు. మార్క్స్ మార్చి 17న రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఇద్దరినీ ఒక గాటన కట్టాలని నా ఉద్దేశం కాదు. ఒకటి మాత్రం గమనించాలి. కొలోన్‌లో పాఠకులు అప్పటికే వున్నారు. సంపాదకుడు అయిదు నెలలు నడిపి వదిలినా వాళ్ళు ఎక్కడికీ పోరు. హైదరాబాదులో తెలుగు పాఠకుణ్ణి పుట్టించుకోవలసి వుండింది. రాజీనామా ఇచ్చి పోతే ఆ పాఠకుడు పుట్టకుండానే పోయేవాడు. అందువల్ల సురవరంవారు స్వరం తగ్గించి, హెచ్చించి, మళ్ళీ తగ్గించి రెండు దశాబ్దాల పైబడి ఆ పత్రికను నిలిపారు. వ్యాసం వ్రాయడం దగ్గర నుంచి ప్రూఫులు దిద్దడం, చిరునామాలు వ్రాయడం దాకా ఆయనే చూసుకునేవారని ఆనాటివారు చెప్పుకునేవారు. సంపాదకీయాలమీద సర్కారు ఆంక్ష పెట్టినప్పుడు ఆ చోట ప్రపంచ మేధావుల సూక్తులు ఏరి వేసేవారని కూడా చెబుతారు. సూక్తిని నిషేధించడం ఏ సెన్సారుకైనా కష్టమే గదా.

ఆ రోజుల్లో 'గస్తీ నిషాన్ 53' అనే ఫర్మానా వుండేది. అనుమతి లేకుండా సభ పెట్టరాదు. గ్రంథాలయ వార్షికోత్సవానికైనా అర్జీ పెట్టుకోవాలి. సభ జరపలేని చోట పత్రికే సభ అవుతుంది. గ్రామాల్లో ఒక బడిపంతులో, వకీలో, గ్రంథాలయ కార్యదర్శో వ్రాసిన కార్డు నాలుగు రోజులకు అచ్చయి వస్తే, ఆ వూరు రాజ్యమంతటికీ వినిపించినట్లే. వెట్టిని గూర్చి, అధికారుల దౌర్జన్యాలను గూర్చి, తెలుగు బడులు లేకపోవడాన్ని గూర్చి ఆ పత్రిక వ్రాసింది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు దాని సంపాదకుణ్ణే అధ్యక్షునిగా ఎన్నుకోవడంలో ఆశ్చర్యం లేదు. సభకు రాగలిగిన జనాన్ని పోగుచేసిన పనిలో పెద్దపాలు ఆ పత్రికదే.

ఇంకొక చిత్రం కూడా వుంది. కొత్వాలుగారి హాస్టలులో చదువుకున్న రావి నారాయణరెడ్డిగారే 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడయ్యాడు. సభ్యత్వ రుసుము నాలుగణాల నుంచి అణాకు దిగింది. సంఘం రైతు కూలీల చేతికి వచ్చింది, మితవాదులు విడిపోయారు. డబ్బు ఇచ్చినవాడు తన డబ్బుతో ఏమి పుడుతుందో అన్నీ లెక్కకట్టి ఇవ్వలేడని నాకు ఆ సంగతి చూస్తే అనిపిస్తుంది. సురవరంవారు మాత్రం అటు రాలేదు. 1952లో వనపర్తి నుంచి కాంగ్రెసు పక్షాన శాసనసభకు ఎన్నికయ్యారు. మరుసటి యేడు ఆగస్టు 25న చనిపోయారు. ఆయనను మనవాడని చెప్పుకోవడానికి నేను ఈ వ్యాసం వ్రాయడం లేదు. ఆయన ఆలోచనలో హిందూ పునరుజ్జీవనపు ఛాయ గట్టిగా వుంది. 'హైందవ ధర్మవీరులు' వంటి పుస్తకాల పేర్లే చెబుతాయి. నిజాం పాలనను ఎదిరించడం ఒక మతం పని కాదని చెప్పడానికి ఆ నగరంలోనే మరొక సంపాదకుడు వున్నాడు. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రికను నడిపిన షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు 1948 ఆగస్టు 22 రాత్రి చంపారు, వ్రాసిన చేతిని నరికారు. మన సభల్లో ఈ రెండు పేర్లూ ఒకే వేదికమీద వినబడడం అరుదు.

అయినా సురవరంవారి దగ్గర మనం నేర్చుకోవలసినది ఒకటి వుంది. అది 354 కాదు. 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడెమీ బహుమతి 1955లో, ఆయన పోయిన రెండేళ్ళకు, దానికి వచ్చింది. దానిని పండితుని గ్రంథమని అంటారు. నేను చదివినంతలో అది సంపాదకుని గ్రంథం.

ఎలాగంటారా? రాజుల చరిత్ర వ్రాసేవానికి శాసనాలు వున్నాయి. జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలాడారు, ఎలా మోసపోయారు అన్నదానికి శాసనం ఎవరు వేయిస్తారు? సురవరంవారు కావ్యాలు తీశారు. పాల్కురికి సోమనాథుని పుస్తకాలు, 'క్రీడాభిరామము', 'శుకసప్తతి', 'హంసవింశతి' వంటివి. వాటిలోని రసాన్ని, అలంకారాన్ని పక్కకు నెట్టి, కవి దారిలో పోతూ పోతూ వదిలిన వస్తువులను ఏరారు. ఓరుగల్లు పూటకూళ్ళ యింట్లో విస్తట్లో ఏమి పడింది, కోడిపందెం ఎలా జరిగింది, ఏ వృత్తివాని యింట్లో ఏ సామాను వుంది. కవికి అది వర్ణన. ఆయనకు అది వార్త. ఇరవైయేళ్ళు గ్రామాల నుంచి వచ్చే కార్డులు చదివినవాని కన్ను అది. కార్డు వ్రాసినవాడు తహశీలుదారును పొగుడుతూ నాలుగు పంక్తులు వ్రాసి, అయిదో పంక్తిలో బావి ఎండిపోయిందని వ్రాస్తాడు. మంచి సంపాదకుడు అయిదో పంక్తిని అచ్చువేస్తాడు. ఆయన కావ్యాలను అలా చదివారు.

నేను తరగతిలో ఈ పుస్తకం పాఠం చెప్పేటప్పుడు పిల్లలతో ఒక పని చేయించేవాణ్ణి. మీ అవ్వ యింట్లోని వస్తువుల పేర్లన్నీ వ్రాసుకొని రండి అనేవాణ్ణి. గద్వాల కోటలోని డిగ్రీ కళాశాల పిల్లల చేత కూడా ఒకసారి ఇలాగే వ్రాయించాను. రాజుల కొలువులో పండితులు శాలువాలు కప్పించుకున్న ఆ కోటలోనే చేనేత మగ్గం భాగాల పేర్లు పదిహేడు వ్రాసుకొచ్చాడొక నేతపని యింటి కుర్రవాడు. అందులో సగం నాకు తెలియవు. నాగర్ కర్నూలులో వుండి పాలమూరు స్థలచరిత్రలనూ జనం నోటి సాహిత్యాన్నీ జీవితాంతం పోగుచేసి 2018లో కన్నుమూసిన కపిలవాయి లింగమూర్తిగారు కూడా ఈ దారిలో నడిచినవారే. ఏ సంస్థానం అండా లేకుండా.

కాని ఆ పుస్తకంలోని లోటు కూడా ఇక్కడే దొరుకుతుంది. కార్డు వ్రాయగలిగినవాడే పత్రికకు ఎక్కాడు. కవి కంటపడినవాడే చరిత్రకు ఎక్కాడు. వెట్టికి పోయినవాడు తనను గూర్చి తాను కార్డు వ్రాయలేడు. వానిని గూర్చి పంతులు వ్రాశాడు, వకీలు వ్రాశాడు, జాలితో వ్రాశారు, నిజంగానే వ్రాశారు. కాని పేరుతో వ్రాశారా? కవుల సంచికలో కవికి పేరుంది, వూరుంది, రచన వుంది. వెట్టి వార్తలో 'ఒక మాదిగవాడు', 'కొందరు రైతులు'. ఇది ఒక్క గోలకొండ పత్రిక దోషం కాదు. ఆ తర్వాత వచ్చిన మన పత్రికలనూ, మన వ్యాసాలనూ ఒకసారి తిరగేయండి. 'శ్రామిక ప్రజానీకం' అని ఎన్నిసార్లు వ్రాశామో, వూరూ పేరూ పెట్టి ఎన్నిసార్లు వ్రాశామో లెక్క తేలుతుంది. నేను ఆ లెక్క చూసుకున్నాను. నాకు సంతోషం కలగలేదు.

సంస్థానాలు పోయాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. వనపర్తి రాజావారి కోటలో పాలిటెక్నిక్ వుంది. 2016 అక్టోబరులో గద్వాల, వనపర్తి, నాగర్ కర్నూలు మూడూ మూడు జిల్లాలయ్యాయి. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరంవారి పేరు పెడుతూ శాసనసభ చట్టం చేసింది. పేరు పెట్టడం మంచిదే. ఆ విశ్వవిద్యాలయం అడ్వాన్సు, బాకీ, గుంపు, పాలు అనే మాటలకు మా కూలీల నోట్లో వున్న అర్థాలను కూడా ఏరి నిఘంటువులోకి ఎక్కిస్తే ఆయన పని ముందుకు సాగినట్లని నా ఆశ.

సభ జరిగిన నెల రోజులకు ఆ విద్యార్థి అడ్రసు కనుక్కొని మా యింటికి వచ్చాడు. నాగర్ కర్నూలు దగ్గరి పల్లెవాడు. వాళ్ళ అమ్మానాయనా అప్పటికి మూడు నెలలుగా పనిమీద వూరు విడిచి వున్నారట. వాణ్ణి పెంచినది అవ్వ. "ఆ రోజు తప్పడిగిన్నా సార్?" అన్నాడు. తప్పించుకున్నది నేనే అని చెప్పి, పైన వ్రాసినదంతా చెప్పాను. కొత్వాలు సంగతి, కొలోన్ సంగతి, మా నాయన సంగతి. అంతా విన్నాడు. మార్క్స్ సంగతి కంటే మా నాయన సంగతే వానికి ఎక్కువ నచ్చింది. "పెద్దాయన మంచిగడిగిండు" అన్నాడు.

పోయేముందు సంచిలోంచి ఒక నోటుబుక్కు తీశాడు. వాళ్ళ వూరి నుంచి ఆ యేడు పనికి పోయినవాళ్ళ పేర్లు, వయస్సు, ఎక్కడికి పోయారు, అడ్వాన్సు ఎంత, చేతికి వచ్చింది ఎంత. గీతలు గీసి వ్రాసుకున్నాడు. నలభై ఏడు పేర్లు. ఆడవాళ్ళను ఫలానావాని భార్య అని కాకుండా వాళ్ళ పేర్లతోనే వ్రాశాడు. చివరి గడిలో మేస్త్రి పేరుంది. వాడు వరుసకు తనకు మామ అవుతాడని, అయినా వ్రాశానని చెప్పాడు. వాళ్ళవాళ్ళు తిరిగి వచ్చిన తర్వాత ఒక్కొక్కరినీ అడిగి, ఒప్పుకున్నవారి పేర్లే అచ్చుకు ఇవ్వాలని ఇద్దరం అనుకున్నాం. ఈ పత్రిక సంపాదకులకు వుత్తరం వ్రాశాను, ఎన్ని పుటలు ఇవ్వగలరో చెప్పమని. జవాబు రావలసి వుంది.